గెనక్క చేతి దారాలు

గెనక్క మా ఊరి పార్కుకు ముప్పై ఏళ్ళు కాపలాదారు. ఉద్యోగం నుంచి దిగిపోయిన రోజున తాళంచెవి ఇమ్మని మునిసిపాలిటీలో ఎవరూ అడగలేదు, ఆవిడా ఇవ్వలేదు. మర్నాటి నుంచీ జీతం లేని కాపలాదారు అయింది. పార్కు గేటుకు ఎదురుగానే నా క్షౌరశాల. అద్దంలో నాకు గిరాకీల తలల కంటే గెనక్క తలే ఎక్కువ కనబడేది.

ఆవిడ దిగిపోయిన ఏడాదే పార్కు మూతపడింది. దాన్ని మళ్ళీ తెరవడానికి మావాళ్ళు పడ్డ పాట్లు చెబితే నవ్వుతారు. మొదటిసారి గడ్డకట్టే చలిలో బాటల మీద రాతి పలకలు పరిచారు. మంచు కరగగానే అవి ఒక్కొక్కటే లేచి కూర్చున్నాయి. రెండోసారి ఫౌంటెన్ కట్టారు. నీళ్ళు పైకి చిమ్మడం మానేసి, నేలకిందనుంచి దారి చూసుకుని, వచ్చి నా కొట్లో ఊరాయి. మేయరు రిబ్బన్ కత్తిరించిన వారానికే మళ్ళీ తాళం. గెనక్క మాత్రం రోజూ పొద్దున్నే లోపలికి వెళ్ళి, ఎవరూ నడవని దారులు ఊడ్చి, తాళం వేసుకుని వచ్చేది.

"ఎవరికోసం అక్కా ఈ ఊడ్పు? పిల్లులు మెచ్చుకుంటాయా?" అన్నాను ఒకసారి.

"నీ గిరాకీల కంటే నా పిల్లులే నయంరా స్పాసూ. బేరమాడవు," అంది.

గెనక్క మొండితనం తెలియాలంటే ఆవిడ ఎడమ చెయ్యి చూడాలి. మార్చి ఒకటిన, వసంతం వస్తోందని, మా దేశంలో అందరం ఎరుపు, తెలుపు దారాలు కలిపి పేనిన మార్తెనిత్సా చేతికి కట్టుకుంటాం. పూసిన చెట్టు కనబడగానే మనసులో ఏదో కోరుకుని, దాన్ని విప్పి కొమ్మకు కడతాం. పార్కు మూతపడ్డప్పటి నుంచీ గెనక్క ఏటా ఒకటి కట్టుకోవడమే గానీ విప్పడం లేదు. ఆరేళ్ళ దారాలు మాసి పీలికలై మణికట్టుకు అంటిపెట్టుకుని ఉండేవి. కడితే ఫౌంటెన్ పక్కనున్న ప్లమ్ చెట్టుకే కడతానని ఆవిడ పంతం. ఉద్యోగంలో చేరిన కొత్తలో తను తిని ఉమ్మేసిన గింజ మొలిచిన చెట్టది. దాని పచ్చికాయలు ఉప్పద్దుకుని తిని, గెనక్క చేత తిట్లు కూడా తిన్నవాళ్ళు ఊళ్ళో సగంమంది ఉంటాం.

"దాని పూత ఏటా చూస్తూనే ఉన్నావుగా, విప్పెయ్యొచ్చుగా?" అన్నాను.

"తాళం వేసుకుని ఒక్కదాన్నే చూసింది వసంతమేంట్రా? గేటు బార్లా తెరవాలి, పిల్లలు ఆ చెట్టెక్కాలి. అప్పుడు విప్పుతా."

మూడోసారి రాజధాని నుంచి దెతెలిన్ అనే ఇంజనీరు వచ్చాడు. ఫిబ్రవరి ఆఖరి రోజున పటం పట్టుకుని తిరిగి, కొత్త బాటకు అడ్డొచ్చే పదకొండు చెట్లకు ఎరుపు, తెలుపు చారల ప్లాస్టిక్ పట్టీ చుట్టాడు. ప్లమ్ చెట్టుకూ చుట్టాడు.

"మామ్మా, పటంలో ఇక్కడ చెట్టే లేదు. రెండు వారాల్లో రంపాలు వస్తాయి," అన్నాడు.

"మామ్మ ఎవర్రా? మీ అమ్మ వయసు నాది! ఇది పోతే దారాలు దేనికి కట్టను, నీ పటానికా?"

అతను పటం చుట్టుకుని వెళ్ళిపోయాడు. గెనక్క వచ్చి నా కుర్చీలో కూలబడింది. ఆవిడ చీపురు పార్కులోనే వదిలేసి రావడం నేను చూడటం అదే మొదలు. నాకు భయమేసింది.

మర్నాడు మార్చి ఒకటి. లారీల కోసం గేటు తీసి ఉంచారు. పనులకు వెళ్ళేవాళ్ళకు చెట్ల మీద ఎరుపు, తెలుపు రెపరెపలాడుతూ కనబడింది. "గెనక్క విప్పేసిందర్రా! పార్కు తెరిచేశారు!" అని ఊరంతా పాకిపోయింది. రెండో వారంలో ప్లమ్ చెట్టు పూసింది. ఇక చూడండి, బడి పిల్లలు, పెన్షనర్లు, పెళ్ళి కుదిరినవాళ్ళు, కుదరనివాళ్ళు, అందరి దారాలూ ఆ పదకొండు చెట్ల మీదే.

"అవి నరకడానికి పెట్టిన గుర్తులని చెప్పొద్దా అక్కా?"

"నన్నెవరైనా అడిగారా?" అంది, చీపురు ఆపకుండా.

దెతెలిన్ వచ్చేసరికి తను చుట్టిన పట్టీ ఎక్కడుందో తనకే కనబడలేదు. చెట్లు నరకడానికి వచ్చిన మించో మర రంపాన్ని ఆపేసి, దాన్ని అతని ముందు పెట్టాడు.

"మా ఆవిడకు నెలలు నిండాయండీ. జనం కోరికలున్న చెట్టు మీద నేను రంపం పెట్టను. మీరే కానివ్వండి."

దెతెలిన్ రంపం వైపు చూశాడు. అతని చేతికీ దారం ఉంది.

"ఫిబ్రవరి ఆఖర్న చెట్లకు ఎరుపు తెలుపు కట్టావే నాయనా, అది నరకడానికని నీ చేతికి ఆ దారం కట్టిన మీ అమ్మకు చెప్పావా?" అంది గెనక్క.

అతను ఎర్రబడ్డాడు, ఆ తర్వాత పకపకా నవ్వాడు. నా కొట్లోకి వచ్చి పెన్సిల్ అడిగి, పటం మీద కొత్త బాటను పదకొండు చోట్ల వంచాడు.

మరుసటి మార్చిలో ప్లమ్ చెట్టు పూసిన వారం పార్కు తెరిచారు. ఫౌంటెన్ ఇప్పటికీ చిమ్మదు, అది వేరే సంగతి. మేయరు ఉపన్యాసం సగంలో ఉండగానే గెనక్క చెట్టు కింద నిలబడి నాకు చెయ్యి చాపింది. ముళ్ళు బిగిసిపోయాయి.

"కత్తెర తేనా?"

"తెచ్చావంటే నీ చెయ్యి విరుగుతుంది."

దువ్వెన తోకతో ఒక్కొక్కటే విప్పాను, ఎనిమిది. అన్నిటికంటే పాతదాంట్లో ఎరుపేదో తెలుపేదో తెలియలేదు. ఆవిడ దాన్ని కొమ్మకు కడుతుండగా పైన కొమ్మ ఫట్‌మని విరిగింది. ఎవరో ఆడపిల్ల అప్పటికే చెట్టెక్కేసింది.

"దిగవే దొంగదానా! కాళ్ళు విరగ్గొడతా!"

చిన్నప్పుడు నన్ను తిట్టిన గొంతే అది. పిల్ల నాలుక బయటపెట్టి ఇంకాస్త పైకి ఎక్కింది. గెనక్క నా వైపు తిరిగింది. చెంపల మీద నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఇన్నేళ్ళూ తిట్టడానికి ఒక్కరు లేకపోయారు కదరా," అంది.