ఏ గడ్డో తేలేదాకా

కోటిరత్నం మిరపకాయలు కోస్తూ కోస్తూ ఎటో వెళ్లిపోయే మనిషి. చేతులు చెట్టు మీదే ఉండేవి, మనసు మాత్రం ఉండేది కాదు. "ఏమే రత్తం, ఏ ఊళ్లో ఉన్నావే?" అని పక్క సాలులో వాళ్లు నవ్వేవాళ్లు. చిలకలూరిపేట దగ్గర పల్లెలో ఆమెకూ భర్త చెంచయ్యకూ కొంచెం మిరప, కొంచెం పత్తి. ఒక్కతే కూతురు, మూడేళ్ల లక్ష్మీదుర్గ.

ఒక ఆదివారం పిల్లకు నలుగు పెడుతుంటే ఎడమ డొక్క కింద గట్టిగా ఏదో తగిలింది. మళ్లీ తడిమింది. కితకితలనుకుని పిల్ల నవ్వింది. తల్లికి నవ్వు రాలేదు.

పేటలో డాక్టరు చూసి, "కిడ్నీలో గడ్డలా ఉంది. కిడ్నీతో సహా తీసెయ్యాల్సి రావచ్చు. ముందు గుంటూరులో స్కానింగ్ చేయించండి" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ బస్సెక్కారు. కళ్లాల్లో ఆరబోసిన కాయలు పొగమంచులో ఎర్రగా తేలుతున్నట్టు కనిపించాయి. ఈ బస్సు ఎక్కడా ఆగకుండా ఇలాగే పోతూ ఉంటే బాగుండుననిపించింది కోటిరత్నానికి.

బ్రాడీపేటలో స్కానింగ్ గది చల్లగా, మసక చీకటిగా ఉంది. పిల్ల తల్లి చెయ్యి పట్టుకునే నిద్రపోయింది. డాక్టరు జ్ఞానప్రసూనాంబ గారు పిల్ల డొక్క మీద పరికరాన్ని అటూ ఇటూ జరుపుతూ చూశారు. తర్వాత తెరను వీళ్ల వైపు తిప్పారు. బూడిద రంగు మబ్బుల్లాంటివేవో అందులో మెల్లగా కదులుతున్నాయి.

"చూడమ్మా, చిక్కుడు గింజలా ఉందే, అది కిడ్నీ. గడ్డ దాన్లోనే పుట్టుంటే కిడ్నీ చీలిపోయి గడ్డ అంచుని పట్టుకున్నట్టు ఉండేది. ఇక్కడ నిండుగానే ఉంది. గడ్డ పైనుంచి నెడితే కిందికి జారింది, అంతే."

"అయితే మంచిదేనాండీ?"

ఆవిడ తెర మీద వేలు ఇంకొంచెం పైకి జరిపారు.

"మంచిదనలేనమ్మా. కిడ్నీ పైన చిన్న గ్రంథి ఉంటుంది. అక్కణ్ణుంచి వచ్చిన గడ్డలా ఉంది. పెద్ద రక్తనాళాన్ని కూడా చుట్టుకుంది. ఇప్పుడే కోస్తే చాలా రక్తం పోయే ప్రమాదం. కిడ్నీ గడ్డకీ దీనికీ వైద్యం వేరు. ఏ గడ్డో తేలాకే ఆపరేషన్."

చెంచయ్య తల గోడకానించి కళ్లు మూసుకున్నాడు.

పెద్దాసుపత్రిలో మూత్రం పరీక్ష చేశారు, మరో స్కానింగ్ తీశారు, సూదితో చిన్న ముక్క తీసి చూశారు. ప్రసూనాంబ గారు అనుమానించిందే నిజమైంది. ముందు గడ్డ కుంచించుకుపోవడానికి మందులు మొదలుపెట్టారు.

ఆ నెలలు కోటిరత్నానికి ఒక దానిలోంచి ఒకటి కరిగినట్టు గడిచాయి. వార్డు కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ మంచం మీద పడితే, విచ్చిన పత్తిచేలో దుర్గను ఎత్తుకుని నడుస్తున్నట్టే ఉండేది. సెలైన్ స్టాండు చప్పుడుకు తెప్పరిల్లేది.

"అమ్మా, నా జుట్టు ఎటెళ్లింది?" అని అడిగింది దుర్గ ఒకరోజు.

"చేలోకెళ్లిందిరా. మళ్లీ మొలుచుద్దిలే" అంది, మొహం పక్కకు తిప్పుకుని.

మందులకు గడ్డ చిన్నదై రక్తనాళాన్ని వదిలింది. అప్పుడు ఆపరేషన్ చేశారు. "రెండు కిడ్నీలూ భద్రంగా ఉన్నాయి. ఇంకా మందులు వాడాలి, చూపిస్తూ ఉండాలి" అన్నాడు సర్జన్.

కుట్లు మానాక కొన్నాళ్లకు ఇంటికి పంపారు. పేట మీదుగా పోయే ఒంగోలు బస్సులో కూతుర్ని ఒళ్లో పడుకోబెట్టుకుని కోటిరత్నం కూడా నిద్రపోయింది. ఈసారి కలేమీ రాలేదు. చెంచయ్యకూ కునుకు పట్టింది.

"ఏమ్మా, పేట ఎప్పుడో దాటిపోయిందిగా! ఎంత పిలిచినా లేవరే!" అన్నాడు కండక్టరు.

మార్టూరులో దిగారు. ఎండలో రోడ్డు పక్కన నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు చెంచయ్యకు నవ్వొచ్చింది.