లాగి సిక్కిట్

పోయిన ఆదివారం బూన్ లేలో ఒక హాకర్ సెంటర్లో, అంటే చవక తిండి దుకాణాల చావడిలో, మా అమ్మాయితో కలిసి మధ్యాహ్నం భోజనానికి వరసలో నిలబడ్డాను. కొబ్బరన్నం మీద సంబల్ కారం వేస్తున్న ముసలావిడ గరిట పైకెత్తి, "లాగి సిక్కిట్?" అని అడిగింది. నేను గడ్డం పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేశాను. "నాన్నా, షి ఈజ్ ఓన్లీ ఆస్కింగ్ లా," అని మా అమ్మాయి నా తరఫున తలూపి, నా వెనక కాలు తొక్కించుకున్నాయనకి క్షమాపణ చెప్పుకుంది. దాని తప్పేం లేదు. ఆ రెండు మాటలకీ నా గడ్డం మీది మచ్చకీ ఉన్న చుట్టరికం అది పుట్టకముందు సంగతి.

చదువుకోడానికి మలేషియా పక్కనున్న ఈ దీవికి వచ్చిన కొత్తలో హౌగాంగ్‌లో ఒక తెలుగువాళ్ళ ఫ్లాట్లో గది అద్దెకి తీసుకున్నాను. అంకుల్ పుట్టింది మలేషియాలో, ఆయన తాతలది శ్రీకాకుళం వైపు. పెళ్ళయిన కొత్తలోనే ఉద్యోగం కోసం ఇటు దిగొచ్చి, ఒక రంగుల కంపెనీ ఆఫీసులో రిటైరయ్యారు. ఆయన తెలుగు అచ్చం మా అమ్మమ్మ తెలుగే, కాకపోతే అన్నంలో రాళ్ళలా మధ్యమధ్య తమిళం, మలయ్ తగిలేవి. మాది విజయనగరం. పరాయి దేశంలో 'సూడు', 'సిక్కింది' అనే మనిషి దొరికేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన మాట్లాడేదంతా నాకు అర్థమవుతుందన్న ధీమా కూడా వచ్చింది. కొంప ముంచింది ఆ ధీమాయే.

ఆయనకొక కారుండేది. వయసులో నాకంటే పెద్దది, గుండ్రటి దీపాలతో ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టు కనపడే పాత ఇంగ్లీషు కారు. కొత్త పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆయన సరిహద్దు దాటింది అందులోనే. అందుకని దాన్ని వదల్లేదు. "ఆ కారుకి పోసిన నూనె నా తలకి పోసుంటే ఈపాటికి జడ మోకాళ్ళ దాకా ఉండును," అనేవారు ఆంటీ. అంటూనే ప్రతి ఆదివారం మల్లెపూలు పెట్టుకుని ఎడమ సీట్లో కూర్చునేవారు.

ఆ ఏడు తనిఖీలో కారు తప్పింది. స్టీరింగ్ తిప్పితే అది కాసేపు ఆలోచించుకుని గాని తిరగడం లేదట. స్టీరింగ్ కాలమ్, అంటే చక్రం దగ్గర్నుంచి కిందికి పోయే పొడుగాటి గొట్టం, ఊడదీసి లోపల అరిగిన బుష్ అనే చిన్న రింగు మార్చాలి. మళ్ళీ తప్పితే కారు తుక్కుకే. తీసేటప్పుడు గొట్టం వంగినా తుక్కుకే, ఎందుకంటే అలాంటిది ఇంకొకటి దొరకదు. అడిగిన మెకానిక్కులెవరూ ఆ ముసలిదాని మీద చెయ్యి వేయడానికి ఒప్పుకోలేదు. "నువ్వు మెకానికల్ల డాక్టరేటు సేస్తన్నావు గదా బాబూ," అన్నారు అంకుల్ ఆశగా. నా డాక్టరేటు కంప్యూటర్లో నీటి బుడగల మీద. ఆయన అనుభవమంతా రంగు డబ్బాల లెక్కల్లో. దొందూ దొందే అనుకుని ఆదివారం పొద్దున్నే కార్ పార్క్ పై అంతస్తుకి ఎక్కాం.

డాష్‌బోర్డు కింద పట్టీ విప్పేశాక, అంకుల్ అట్టముక్క పరుచుకుని కారు కిందికి దూరారు. గొట్టాన్ని అడుగున పట్టి ఉంచే బోల్టు విప్పడం ఆయన పని. డ్రైవరు సీట్లో కూర్చుని చక్రం పట్టుకుని, ఆయన ఏం చెబితే అది చేయడం నా పని. కింద నుంచి కాసేపు మూలుగులు వినపడ్డాయి. తర్వాత తమిళంలో ఆ బోల్టు వంశాన్ని ఉద్దేశించి కొన్ని మాటలు. ఆ తర్వాత స్పష్టంగా, "లాగి సిక్కిట్."

లాగు, సిక్కింది. మా జిల్లాల్లో ఇంతకంటే చక్కటి తెలుగు ఏముంటుంది? లాగాను. "లాగి, లాగి సిక్కిట్," అన్నారు. పాపం, గట్టిగానే చిక్కినట్టుందని ఆంజనేయస్వామిని తలుచుకుని, రెండు కాళ్ళూ ఎదురు తన్నిపట్టి వెనక్కి వాలాను. కింద నుంచి "సుడా, సుడా" అని కేక. సూడమంటున్నారు గదా, పెద్దాయన మాట కొట్టేయడమెందుకని, లాగుతూనే తల వంచి చూశాను. సరిగ్గా అప్పుడే గొట్టం చక్రంతో సహా ఊడొచ్చి నా గడ్డానికి తగిలింది. బ్యాటరీ తీయడం ఇద్దరమూ మరిచిపోయాం. తెగిన హారన్ తీగ ఇనుముకి అంటుకుని, స్టీరింగే లేని ఆ కారు హౌగాంగ్ అంతా వినపడేలా మోగడం మొదలుపెట్టింది. ఎదురు బ్లాకు కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. చక్రం ఒళ్ళో పెట్టుకుని, నెత్తురు కారుతున్న గడ్డంతో, ఏం చేయాలో తోచక వాళ్ళందరికీ ఒక నమస్కారం పెట్టాను.

అంకుల్ పాక్కుంటూ బయటికొచ్చి బ్యాటరీ తీగ పీకేశారు. నా మొహం వంక చూడనైనా లేదు. గొట్టాన్ని రెండు చేతులా ఎత్తి, ఒక కన్ను మూసి, ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశారు. అది చూశాక నాకు గడ్డం నొప్పి పోయి భయం పట్టుకుంది. చివరికి ఆయన గొట్టాన్ని అట్టముక్క మీదికి దించి, "వంగనేదు," అన్నారు. "లాగి సిక్కిట్ అంటే ఇంకొంచెం అని గదా బాబూ, మలయ్‌ల. బోల్టు ఇంకొంచెం ఉంది, ఆగమన్నాను."

"మరి సుడా అంటే?"

"సాలు అని." ఆయన నేల మీద చతికిలబడి, నూనె చేతులతోనే కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

నా గడ్డానికి కాఫీపొడి అద్దుతూ ఆంటీ ఆయన్ని తిట్టిన తిట్లలో మూడు భాషలున్నాయి. బుష్ మారింది, కారు తనిఖీ గట్టెక్కింది. ఆ తర్వాతి ఆదివారం ముందు సీట్లో మల్లెపూలు, వెనక సీట్లో నేను, నా గడ్డానికి పట్టీ. అప్పట్నుంచి అన్నాల దగ్గర అంకుల్ కూర అడగాల్సి వస్తే "లాగి సిక్కిట్" అని నా గడ్డం వంక చూసేవారు.

ఆంటీ పోయాక కూడా ఆదివారాలు ఆయన కారు తీసేవారు. ఎడమ సీట్లో ఎవర్నీ కూర్చోనిచ్చేవారు కాదు, నన్ను వెనకే కూర్చోమనేవారు. చూపు మందగించాక సరిహద్దు అవతల మలేషియాలోని జోహోర్ నుంచి వచ్చిన ఒకాయనకి దాన్ని అమ్మేశారు. తాళం ఇచ్చేశాక, కదలబోతున్న కారు తలుపు మీద చెయ్యి వేసి, "లాగి సిక్కిట్," అన్నారు. కొన్నాయన మలయ్ తెలిసినవాడు. ఇంజను ఆపి, అంకుల్ చెయ్యి తీసేదాకా కూర్చున్నాడు. మరుసటి ఏడు అంకుల్ కూడా వెళ్ళిపోయారు. కాలానికి మాత్రం మలయ్ రాదు, నా తెలుగే వచ్చు. ఇంకొంచెం అని ఎవరు అడిగినా, లాగమన్నారనుకుని లాగేస్తుంది.