బాపట్లలో చూసిన స్పోర్ట్ బండి

పాత కారు కొనడానికి పొరుగూరు వెళ్లేవారికి పనికొస్తుందని ఈ ఒక్కరోజు ప్రయాణం గురించి రాస్తున్నాను. కారు కొనాల్సింది నేను కాదు, నా బావమరిది రాజారత్నం. రేపల్లెలో పదకొండేళ్లుగా పరాయివాళ్ల కార్లు నడుపుతున్నాడు. సూర్యలంక సముద్రం దగ్గర ఒక అతిథిగృహం వాళ్లు, సొంతంగా మంచి సెడాన్ ఉంటే వచ్చే నెల నుంచి కారుతో సహా అతన్ని తమ దగ్గరే పనికి పెట్టుకుంటామన్నారు. అలాంటి కారు బాపట్లలో ఒక రిటైరైన మాస్టారి దగ్గరుంది. ఆయన భార్యను గుంటూరు ఆసుపత్రికి తిప్పినన్నాళ్లూ ఆ కారు నడిపింది రాజారత్నమే. ఆవిడ పోయాక, ఇస్తే ఇతనికే ఇస్తానని మాస్టారు కబురు చేశారు.

నన్ను తీసుకెళ్లమన్నది నా భార్య. "మీ బావ అంత చదువుతారు, ఓసారి చూడనీరా" అని తమ్ముడికి ఫోన్లో చెప్పింది. నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసి బట్టల కొట్టులో చేరినవాణ్ని. తర్వాత చదివిందంతా తెనాలి గ్రంథాలయంలోనే. అక్కడ బైండు చేసిన మోటారు పత్రికలు రెండు వారాలు తిరగేసి, ఆ కారు సంగతులన్నీ నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాను.

శనివారం ఉదయం ఏడుంబావుకి రాజారత్నం తెనాలిలో రేపల్లె రైలు దిగాడు. స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాం, ఇద్దరికీ ఎనభై రూపాయలు. ఎనిమిదీ పదికి బాపట్ల వైపు ప్యాసింజర్ ఎక్కాం. చుండూరులో ఎక్కిన ఒకావిడ నారుమడి పనికి వెళ్తోంది. మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఏంటయ్యా, ఇస్త్రీ చొక్కాలేసుకుని పెళ్లిచూపులకా?" అంది.

"బండిచూపులకమ్మా" అన్నాడు రాజారత్నం.

"అయితే ఎద్దుకి చూసినట్టు పళ్లు కూడా చూడండి."

అతను నవ్వాడు. ఆ రోజు అతను నవ్వింది అప్పుడొక్కసారే.

దారిలో నోటుపుస్తకం తీసి అతనికి చదివి వినిపించాను. ఆ కారు నాలుగు రకాలు. కింది రకానికి ఇనుప చక్రాలు, రెండు ఎయిర్‌బ్యాగులు. రెండోదానికి టచ్‌స్క్రీన్, వెనక కెమెరా. మూడోదానికి అల్లాయ్ చక్రాలు, సన్‌రూఫ్. పైదాని పేరు స్పోర్ట్: జోరెక్కువ ఇచ్చే టర్బో ఇంజిను, నాలుగు చక్రాలకీ డిస్కు బ్రేకులు, ఆరు ఎయిర్‌బ్యాగులు, సీట్లకి ఎర్రదారం కుట్టు. పెద్ద కంపెనీల పరుగుబండ్లు కొనలేనివారికి ఆ సరదా తీర్చడానికి చేసిన కారు. రాజారత్నం కిటికీలోంచి చూస్తూ "అవును బావా" అంటూ వచ్చాడు. ఆ కారుని నడిపినవాడు తనేనని ఒక్కసారీ గుర్తుచేయలేదు.

తొమ్మిదింటికి బాపట్లలో దిగాం. ఆటోకి అరవై రూపాయలు. మాస్టారు గేటు దగ్గరే ఎదురొచ్చి, కాఫీ ఇచ్చి, కారు మీది గుడ్డ తీశారు. ముదురు నీలం రంగు. ఒక్క గీత లేదు. డిక్కీ మీద స్పోర్ట్ అనే అక్షరాలు. సన్‌రూఫ్ చప్పుడు లేకుండా తెరుచుకుంది. ఎర్రదారం కుట్టు ఎక్కడా వదల్లేదు. తాళంచెవి అప్పటికే రాజారత్నం చేతిలో ఉంది.

నేను వెనక చక్రం దగ్గర కూర్చుని చూశాను. డిస్కు లేదు, పాతరకం డ్రమ్ము బ్రేకు ఉంది. బానెట్ ఎత్తమన్నాను. టర్బో లేదు. మా వైపు తక్కువ రకం కారు కొని, కారు సామాన్ల కొట్టులో పైరకం అక్షరాలు తెచ్చి అంటించుకోవడం, సీట్లు కూడా అలాగే కుట్టించుకోవడం మామూలే. నా చదువు అక్కరకొచ్చిందనుకున్నాను.

"మాస్టారూ, ఇది స్పోర్ట్ కాదండి. అక్షరాలు అంటించారు" అన్నాను.

"బావా, చాల్లే" అన్నాడు రాజారత్నం మెల్లగా.

నేను ఆగలేదు. నోటుపుస్తకం తెరిచి ఒక్కో అంశం గట్టిగా చదివాను. గోడవతల పక్కింటాయన పళ్లు తోముకుంటూ, "అయితే మాస్టారూ, ఇన్నాళ్లూ మమ్మల్ని కూడా నమ్మించారన్నమాట" అన్నాడు.

మాస్టారు లోపలికెళ్లి, కారు కొన్ననాటి బిల్లు, కంపెనీ ఇచ్చిన రంగుల పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆ ఏడాది నుంచి టర్బో లేని ఇంజినుకి కూడా స్పోర్ట్ హంగులు ఇస్తున్నారని, దానికి వెనక డ్రమ్ము బ్రేకులే ఉంటాయని అందులో అచ్చయి ఉంది. బిల్లు మీదా అదే పేరు. నేను చదివిన పత్రికలు అంతకు రెండేళ్ల ముందువి.

"క్షమించండి సార్, నేను చదివింది పాతది" అన్నాను.

ఆయన నావైపు చూడలేదు. "రత్నం, ఆవిడ కూర్చున్న బండి కాబట్టి నీకే ఇద్దామనుకున్నాను. నువ్వు మనిషిని తెచ్చి, నా గుమ్మంలో నన్ను దొంగని చేయించావు" అని చెయ్యి చాపారు.

రాజారత్నం తాళంచెవి ఆ చేతిలో పెట్టాడు. "తప్పయిపోయిందండి" అన్నాడు. తప్పు నా మీదికి నెట్టలేదు.

పన్నెండుంబావుకి చెరుకుపల్లి మీదుగా వెళ్లే రేపల్లె బస్సు దొరికింది. అతన్ని ఒక్కణ్నే పంపలేక నేనూ ఎక్కాను. భోజనం చేయలేదు. చెరుకుపల్లి దాటాక అతిథిగృహం నుంచి ఫోన్ వచ్చింది. "లేదండి, కుదర్లేదు. మీరు వేరేవాళ్లని చూసుకోండి" అని పెట్టేశాడు. ఇంకో కారు వెతుకుదామన్నాను. "వాళ్లకి ఒకటో తారీఖుకి కావాలి బావా" అన్నాడు.

నా తెనాలి టికెట్టు రేపల్లె స్టేషన్లో అతనే తీశాడు. రైలు కదలబోతుండగా కిటికీ దగ్గరకొచ్చి, "అక్కతో బండి బాలేదని చెప్పు. మనం చూసుకుని వదిలేశామని చెప్పు" అన్నాడు.

ఆ దారిన వెళ్లేవారికి నేను చెప్పగలిగిందొకటే. ఆ బండి చాలా బాగుంది. కొనేది ఏ ఏడాది బండో, చదివేది ఏ ఏడాది కాగితమో చూసుకోండి. నోరు ఆ తర్వాత తెరవండి.

అయిదున్నరకి ఇల్లు చేరి, రాజారత్నం చెప్పమన్నట్టే చెప్పాను. నా భార్య మంచినీళ్లు అందిస్తూ, "మీరు వెళ్లబట్టి సరిపోయింది. వాడొక్కడే వెళ్లుంటే మోసపోయేవాడు" అంది.