ముందద్దం మీద గీత

మా గని కాలనీలో ఏది పగిలినా బ్లాస్టింగ్ పుణ్యమే. గోడ చీలినా, గూట్లోంచి గ్లాసు జారినా, మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో మందు పేలినప్పుడు వచ్చే అదురును తిట్టుకుని ఊరుకుంటాం. అందుకే ఆ మే నెలలో మా కారు ముందద్దం మీద జానెడు గీత కనబడగానే, డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన గని వైపు చెయ్యెత్తి తిట్లు లంకించుకున్నాడు. కారు కొని నెల కాలేదు. అదంటే ఆయనకు ప్రాణం.

నేను మాత్రం గడపలో నోరు మూసుకుని నిలబడ్డాను. మధ్యాహ్నం కారు ఎండలో కాగిపోతుంటే, పాపం చల్లబడుతుందని రంజన్ కుండలోని చల్లటి నీళ్లు రెండు చెంబులు అద్దం మీద కొట్టాను. వేసవిలో వాకిలికీ ఇంటిపై రేకులకూ చల్లుతాం, కారేం పాపం చేసింది? సరిగ్గా అప్పుడే బ్లాస్టింగ్ అయింది. కాసేపటికి చూస్తే గీత. అది నా నీళ్లకు పడిందా, అదురుకు పడిందా? కాలిన పెనం మీద నీళ్లు పోస్తే పగలదు కదా అని ధైర్యం చెప్పుకుంటే, చిన్నప్పుడు చినుకు పడి టప్పున పగిలిన లాంతరు గ్లాసు గుర్తొచ్చేది. మూడు రోజులు అన్నం సహించలేదు.

గీత మూరెడయ్యాక, బసంత్‌నగర్ దారిలో ఉన్న మెకానిక్ భాయ్ షెడ్డుకు వెళ్లాం. ఆయన అద్దాన్ని వేలితో తడిమాడు. "కాలిన అద్దం మీద సల్లనీళ్లు గిట్ల పోసిండ్రా?"

నేను ఒప్పేసుకుందామని నోరు తెరవబోయేంతలో మా ఆయన భాయ్‌ను పక్కకు లాగి గొంతు తగ్గించాడు. అయినా వినబడింది.

"గీత కనబడ్డ ముందురోజు నేనే పోసిన భాయ్, దుమ్ము పోతదని. అప్పుడే ఎంటికంత సన్నగ గీత వడ్డది. మా ఆమెకు జెప్పకు, ఇజ్జత్ పోతది."

అద్దం తెప్పించడానికి వారం పడుతుందన్నాడు భాయ్. తిరుగుదారిలో ఇక ఉండబట్టలేక చెప్పేశాను. "నువ్వు పోసిన తెల్లారి మధ్యాహ్నం నేను గూడ పోసిన. రెండు చెంబులు."

ఆయన కారు పక్కకు ఆపాడు.

"మరి నేను బ్లాస్టింగును తిడుతుంటే సప్పుడు జెయ్యకుంట ఎందుకున్నవే?"

"నువ్వెందుకు తిట్టినవ్?"

అంతలో గని వైపు నుంచి ధన్‌మని చప్పుడొచ్చింది. మా కళ్ల ముందే గీత ఇంకో వేలెడు సాగింది. ఈసారి నీళ్లెవరూ పోయలేదు. ఎవరిని తిట్టాలో తోచక ఆయన నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను.