మార్తమ్మ కోడ్ నొక్కిన ఇరవై నిమిషాలకు

2023 వేసవి. ఇళ్లకు దొంగల అలారాలు బిగించే పనిలో అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ల అనుభవం. గుంటూరు పక్కన నల్లపాడులో సాంబశివరావు గారని ఒక మిరప రైతు ఉన్నారు. అంతకుముందు చలికాలంలోనే ఆయన ఇంటికి అలారం బిగించాను. ఆయనా, భార్యా పొద్దున్నే చేనుకు వెళితే సాయంత్రానికి గానీ రారు. ఇల్లు చూసుకునేది మార్తమ్మ. పదకొండేళ్లుగా తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. అలారం బిగించాక కోడ్ కూడా ఆమెకే ఇచ్చారు. మూడున్నరకు పని ముగించి, కోడ్ నొక్కి, తాళం వేసి వెళ్లిపోతుంది.

మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. గోడ మీద పెట్టెను ప్యానెల్ అంటాం. తలుపు తెరిచినా, గదిలో ఎవరైనా కదిలినా కబురు అక్కడికి చేరుతుంది. గదిలో కదలికను పసిగట్టేది పి.ఐ.ఆర్. సెన్సర్. దానికి మనిషి కనపడడు, కదిలే వేడి కనపడుతుంది, అంతే. ఏ నిమిషంలో కోడ్ ఎవరు నొక్కారో, ఏ గది నుంచి కబురు వచ్చిందో ప్యానెల్ రాసిపెట్టుకుంటుంది. దాన్ని ఈవెంట్ లాగ్ అంటాం.

ఏప్రిల్‌లో రెండు వారాల్లో మూడుసార్లు ఆ ఇంటి సైరన్ మోగింది. మూడుసార్లూ తాళం వేసినది వేసినట్టే ఉంది, లోపల ఎవరూ లేరు, ఏదీ పోలేదు. మోగిన ప్రతిసారీ నేను వెళ్లి లాగ్ చూశాను. మూడున్నరకు మార్తమ్మ కోడ్. ఇరవై నిమిషాలకు హాల్లో కదలిక. మూడు రోజులూ అదే వరస. రెండోసారి మోగాక బ్యాటరీ మార్చాను, వైర్లు కొలిచాను, సెన్సర్ కూడా మార్చాను. అయినా మూడోసారి మోగింది.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి ఎదురింటి కోటేశ్వరమ్మ గారు గేటు దగ్గరే తేల్చేశారు. "ఇంకేముంది? ఎవణ్ణో లోపల దాచిపెట్టి పోతంది. కూత వినపడంగానే వాడు డాబా మీదుగా దూకి పోతన్నాడు."

సాంబశివరావు గారు నా వంక చూశారు. "ఏమయ్యా, మిషన్ ఏమంటంది?"

"మిషన్‌లో తప్పేం లేదండీ. లోపల ఏదో కదిలింది, అది మాత్రం ఖాయం," అన్నాను.

నా నోరు పడిపోను! అప్పుడు మార్తమ్మ అక్కడే చీపురు పట్టుకుని నిలబడి ఉంది. చీపురు మూలన పెట్టి, చేతులు కడుక్కుని, తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. సాయంత్రానికి వీధంతా గుప్పుమంది. ఆమె పనిచేసే మరో రెండిళ్లవాళ్లు కూడా రేపటి నుంచి రావద్దన్నారట.

మర్నాడు పొద్దున్నే సాంబశివరావు గారి ఫోన్. "ఒరేయ్ శ్రీనూ, నీ మిషన్ వయసు నాలుగు నెలలు. ఆమె మా ఇంట్లో పదకొండేళ్ల మనిషి. ఎవరి మాట నమ్మాల్రా నేను? నీకు చాతగాకపోతే చాతనైనోళ్లని తీసుకురా. అది తేలిందాకా ఆమె పని వేరేవాళ్లకి ఇయ్యను."

కోపం వచ్చిన మాట నిజం. పద్దెనిమిదేళ్ల సర్వీసు నాది! కానీ అందరూ వేలెత్తి చూపుతున్న మనిషి పక్కన నిలబడినవాడు ఆయనొక్కడే. అది తల్చుకుంటే ఇప్పటికీ దణ్ణం పెట్టాలనిపిస్తుంది. నేను మాత్రం ఇంకో తెలివితక్కువ పని చేశాను. సెన్సర్ చురుకుదనం బాగా తగ్గించి, పరీక్షగా హాల్లో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాను. మోగలేదు. ఆయన పకపకా నవ్వారు. "శుభం! ఇక దొంగొచ్చినా మోగదు."

తల కొట్టేసినట్టయింది. చురుకుదనం మళ్లీ మునుపటంత పెంచేశాను. చాతనైనవాళ్ల కోసం పడ్డాను. ప్యానెల్ కంపెనీకి ఫోన్ చేస్తే పెట్టె విప్పి పంపమన్నారు. తెలిసిన ఒక కెమెరాల మెకానిక్ సంగతి కూడా వినకుండా, కొత్త సెట్టు వేసుకోమన్నాడు. చివరికి మంగళగిరిలో సుజాత గారని ఒకావిడ పేరు తెలిసింది. బ్యాంకుల స్ట్రాంగ్‌రూమ్ అలారాలు చూసిన ఇంజనీరు. ఫోన్‌లో నేను మొదలుపెట్టగానే ఆపేసి, "ఆ గదిలో రోజూ ఏం జరుగుద్దో చెప్పండి," అన్నారు. నాకేం తెలుసు? సెన్సర్ తెలుసు గానీ గది సంగతి తెలియదు.

ఆవిడ వచ్చారు. పనిముట్ల సంచీ విప్పలేదు. లాగ్ చదివి, డాబా మీదికి వెళ్లి చూసి వచ్చి అడిగారు.

"డాబా తలుపుకి సెన్సర్ ఎందుకు పెట్టలేదు?"

"మర్చిపోయానండీ."

"మరి డాబా మీదుగా ఎవడో దూకాడన్నప్పుడు మీరెందుకు కాదనలేదు? ఆ తలుపు సంగతి మీ మిషన్‌కి తెలీదుగా. తెలీదని చెప్పాల్సింది."

నేను స్క్రూడ్రైవర్ తీయబోయాను.

"ఆ మార్తమ్మ గారిని పిలవండి. ఆవిడ లేకుండా నేను పెట్టె ముట్టుకోను," అన్నారు. సాంబశివరావు గారు లేవబోతే ఆపారు. "మీరు కాదండీ. అన్నది ఈయన. ఈయనే వెళ్తాడు."

వెళ్లాను. మార్తమ్మ తన గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. రమ్మన్నాను. తల ఎత్తలేదు.

"దేనికయ్యా? మిషన్‌ని అడిగారుగా."

"తప్పయింది మార్తమ్మా. ఇంజనీరమ్మ వచ్చింది. నువ్వు చెప్తేనే తెలిసిద్దంట."

"మిషన్‌ని మూడుసార్లు అడిగావు. నన్ను ఒక్కసారి అడిగావా?"

లేదు. ఆమె చేట పక్కన పెట్టి, లేచి చెప్పులేసుకుంది.

సుజాత గారు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి అడిగారు. "అమ్మా, మూడింటి నుంచి మీరు ఏం చేస్తారో అన్నీ చేసి చూపించండి. ఒక్కటి కూడా మానొద్దు."

మూడు కాగానే మార్తమ్మ డాబా ఎక్కింది. ఇంటి కారానికి ఏరిన కాయలు అక్కడ నల్ల పట్టా మీద ఎండుతున్నాయి. ఏప్రిల్‌లో మధ్యాహ్నం గాలివాన ఎప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి, వెళ్లేముందు వాటిని ఎత్తి హాల్లో గోనెల మీద పోస్తుంది. పట్టా డాబా మీద వదిలేస్తే ఎగిరిపోతుంది. అందుకని దులిపి, హాల్లోనే దండెం మీద వేస్తుంది. తర్వాత పడమటి కిటికీ రెక్కలు బార్లా తీసింది.

"కిటికీ ఎందుకు తీశారు?"

"అయ్యో, వేడికాయని మూసిన గదిలో పెడతారంటమ్మా? చెమ్మపట్టి తెల్లబడిపోదూ! ఘాటుకి సాయంత్రం వీళ్లు ఇంట్లో ఉండలేరు. కిటికీకి ఊచలున్నాయిగా, ఎవడొస్తాడు?"

గుంటూరులో పుట్టి పెరిగినవాణ్ణి నేను. మా అమ్మ కూడా ఇదే చేసేది. నేను సెన్సర్ బిగించింది చలికాలంలో. అప్పుడు కాయ లేదు, పట్టా లేదు, కిటికీ మూసి ఉంది. మిరప రైతు ఇంట్లో వేసవిలో హాల్లోకి కాయ వస్తుందన్న ఆలోచనే రాలేదు నాకు!

మార్తమ్మ కోడ్ నొక్కి తాళం వేసింది. అందరం వరండాలో నిలబడి, అటువైపు మూసిన కిటికీ అద్దంలోంచి చూస్తున్నాం. పదిహేను నిమిషాలు ఏమీ లేదు. మెల్లగా ఎండ పడమటి కిటికీలోంచి జారి దండెం మీది నల్ల పట్టాను పట్టుకుంది. ఇంకాసేపటికి గాలి లేచింది. కాగిన పట్టా అటూ ఇటూ ఊగింది. మూలన సెన్సర్‌లో ఎర్ర దీపం వెలిగింది. మరుక్షణం సైరన్ చెవులు చిల్లులు పడేట్టు అరిచింది.

సుజాత గారు మార్తమ్మ వైపు తిరిగారు. "మోగిన మూడు రోజులూ గాలి ఉందా అమ్మా?"

"ఉందమ్మా. మధ్యలో ఉక్కపోసిన రోజుల్లో మోగలా. చెబుదామనుకున్నా. అడిగినోళ్లు లేరు."

ఆవిడ మార్తమ్మ రెండు చేతులూ పట్టుకున్నారు. "సగం పని మీరే చేసేశారు," అన్నారు. ఎంతోమంది మెకానిక్‌లను చూశాను గానీ, చిక్కు విప్పిన గొప్పను ఇలా పనిమనిషి చేతిలో పెట్టినవాళ్లను చూడలేదు. ఎదుటి గోడకు సెన్సర్ మార్చాం, కిటికీ, దండెం దాని చూపులో పడకుండా. డాబా తలుపుకు కూడా ఒకటి పెట్టాం.

సాంబశివరావు గారు ఇక నీ దగ్గరే ఉంచుకోమంటూ తాళంచెవి అందించారు. మార్తమ్మ చెయ్యి చాపలేదు. నేను ముందుకు వెళ్లి, "క్షమించు మార్తమ్మా, తప్పు నాదే," అన్నాను.

ఆమె నన్ను తేరిపార చూసింది. "సైరన్ వీధంతా వినపడేట్టు మోగిందిగా అయ్యా. నువ్వేంది, హాల్లో నిలబడి నాకు మాత్రమే వినపడేట్టు చెప్తన్నావు?"

సైరన్ మోగినప్పుడు గోడల మీదుగా లేచిన తలలు ఇంకా దిగలేదు. "మళ్లీ మోగింది, మళ్లీ మోగింది" అని ఎవరో అంటున్నారు.

వీధిలోకి వెళ్లాను. సిగ్గేసింది. అయినా కోటేశ్వరమ్మ గారి గుమ్మం ముందు నిలబడి గొంతెత్తి చెప్పాను, సెన్సర్ తప్పుచోట పెట్టింది నేనేనని, లోపల కదిలింది పట్టా అని, మార్తమ్మకు ఏ పాపం తెలియదని. ఆవిడ ముఖం తిప్పుకున్నారు. మార్తమ్మను పనిలోకి రావద్దన్న రెండిళ్ల ముందూ అదే చెప్పాను. మార్తమ్మ నా వెనకే నడిచి వచ్చి, ప్రతి మాటా వింది. ఒకచోట "పట్టా సంగతి సరిగా చెప్పు, వాళ్లకి అర్థంగాలా" అని దిద్దింది కూడా.

అప్పటి నుంచి ఏ ఇంటికి వెళ్లినా, ఆ ఇంటికి తాళం వేసే మనిషి పక్కన కూర్చున్నాకే ప్యానెల్ దగ్గరికి వెళుతున్నాను. మీ అలారం ఊరికే మోగుతుంటే, రాగానే స్క్రూడ్రైవర్ తీసేవాణ్ణి కాదు, రాగానే అడిగేవాళ్లను పిలవండి. పద్దెనిమిదేళ్లలో నేర్చుకోనిది నాకు ఆ ఒక్క మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్లు నేర్పారు.

ఆ రోజు నాలుగో గుమ్మం ముందు మళ్లీ గొంతు సవరించుకుంటుంటే మార్తమ్మ నా భుజం తట్టింది. "చాల్లే అయ్యా, వీళ్లు నన్నెప్పుడూ ఏమీ అనలా," అంది. తర్వాత వెనక్కి తిరిగి, మా వెంటే వచ్చిన సాంబశివరావు గారి వైపు చెయ్యి చాపింది. "ఏదండీ, ఆ తాళంచెవి ఇట్టా ఇయ్యండి. కాయలు పోసి అట్టాగే ఉంచాం, తిరగెయ్యాలి."