రెండు పట్టీల ఎత్తు

మా ఆస్తులు పోయాక నాకు మిగిలిన బతుకుతెరువు ఒక పాత మిలిటరీ జీపు. పులికాట్ ఒడ్డు నుంచి ఇసుక దారిలో నాయుడుపేటకు రొయ్యల గంపలు చేరవేసేవాణ్ణి. పక్క సీటులో ఎవరినీ కూర్చోనిచ్చేవాణ్ణి కాదు.

ఆ వేసవిలో, వెనక చక్రాలను తిప్పే షాఫ్టు చివరనుండే క్రాసు మూడోసారి విరిగింది. సరుకంతా దారిలోనే కుళ్లిపోయింది. ఇంకోసారి ఇలా అయితే వేరే బండి చూసుకుంటామని రొయ్యలవాళ్లు చెప్పేశారు. నేను ఉప్పుగాలిని తిట్టుకున్నాను, ఇసుకను తిట్టుకున్నాను.

నాయుడుపేటలో ముసలి మెకానిక్ ఒకాయన బండి కిందికి దూరి, షాఫ్టు పక్కన ఒక కర్ర పెట్టి చూపించాడు.

“చూడండయ్యా, ఎంత ఏటవాలుగా ఉండాదో. ఇట్టా మెడ వంచుకుని తిరిగితే ఏ క్రాసైనా విరగతాది. చక్రాల మీది కమాన్లలో రెండేసి ఇనప పట్టీలు ఎక్కువేసి బండిని లేపింది ఎవురు?”

“నేనే. కింద ఇసుక తగలకుండా.”

“ఇసకకు ఇంత ఎత్తెందుకయ్యా? పెళ్లికొడుకును ఊరేగిస్తారా ఏంది?”

నేను నవ్వలేదు. మా తాత గుర్రబ్బండిలో పోతుంటే గట్టు మీది మనుషులు తలెత్తి చూసేవారు. నాకూ ఆ ఎత్తు కావాలనిపించింది.

“తీసెయ్యి మేస్త్రీ” అన్నాను.

క్రాసు మళ్లీ విరగలేదు. జీపు కిందికి దిగిన మొదటి రోజు, అందరూ గమనిస్తారని వెన్ను నిటారుగా పెట్టి ఊరి మధ్య నుంచి రేవు దాకా నడిపాను. బండి తగ్గిందేమని ఒక్కరూ అడగలేదు. అది ఎత్తుగా ఉన్నప్పుడు మాత్రం ఎవరు చూశారని?