గ్యాసునూనెలో పొటాషియం

నిన్న జనగామలో పాత ఇనుప సామాను కొట్టు ముందు ఒక కందిలి, అదే లాంతరు, కనిపించింది. ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా గ్యాసునూనె వాసన. మన చిన్నప్పుడు కిరోసిన్‌ అని ఎవరన్నారు కనుక!

మన బడిలో సైన్సు సారు పొటాషియం చూపించిన రోజు గుర్తుందా మీకు? గ్యాసునూనె సీసాలోంచి పట్టుకారుతో తీసి, చాకుతో వెన్నను కోసినట్టు కోశాడు. కోసిన చోట వెండిలా మెరిసి, మనం చూస్తుండగానే మాసిపోయింది. కందిగింజంత ముక్క నీళ్లలో వేయగానే బుస్సుమంటూ ఉరికి, వంకాయ పువ్వు రంగు మంటతో మండింది. మనమంతా బెంచీలెక్కాం.

ఆ సాయంత్రం కందిలిలో నూనె పోస్తున్న మా నాయినమ్మకు ఇదంతా చెప్పాను.

"నీళ్లల్ల మండుతదా? మరి దేంట్ల పెడ్తరే దాన్ని?"

"గ్యాసునూనెల, అవ్వా. అండ్లయితె సల్లగుంటది."

అవ్వ చాలాసేపు నవ్వింది. "అయితె గది నీ అసొంటిదే బిడ్డా."

నిజమే. నాకు కోపమొస్తే అమ్మ బుజ్జగించినకొద్దీ ఇంకా మండిపడేదాన్ని. అవ్వ మాత్రం దగ్గరికి లాక్కుని కొంగు కప్పేది. రోజూ కందిళ్లు నింపి చేతులు తుడుచుకునే ఆ కొంగంతా గ్యాసునూనె వాసనే. అందులో ముఖం దాచుకుంటే చల్లబడేదాన్ని.

నిన్నటి కందిలిని కొని తెచ్చుకున్నాను. "గీ కంపు ఇంట్లెందుకు?" అన్నాడు మా ఆయన. కస్సుమన్నాను. పాపం, "జర సల్లబడు" అంటూ గ్లాసు నిండా నీళ్లు తెచ్చిచ్చాడు.

గ్లాసు పక్కన పెట్టి, కందిలిని ఒళ్లోకి తీసుకున్నాను.